నాలుగు గంటల సందు

మా ముందు గదిలోని అలమరలో రెండు వరుసల రిజిస్టర్లు ఉన్నాయి. పై వరుసలోనివి విమానాలకు సంబంధించినవి. కింది వరుసలోనివి మనుషులకు సంబంధించినవి. ప్రభుత్వ కార్యాలయంలో రికార్డుల విభాగం చూసి పదవీ విరమణ చేసినవాణ్ణి. రాయకుండా ఉండటం నాకు చేతకాదు. శంషాబాద్‌లో, విమానాల దారి కింద, ఈ ఇల్లు కొనుక్కున్న నాటి నుంచి తల మీదుగా పోయిన ప్రతి విమానాన్నీ గంట, నిమిషం, దిక్కు, చప్పుడు తీవ్రత అనే నాలుగు గడులలో నమోదు చేస్తూ వచ్చాను. మా అపార్టుమెంటు సంఘానికి కార్యదర్శిని కూడా కావడం వల్ల, నివాసుల మీది ఫిర్యాదులను కింది వరుసలో భద్రపరిచాను. ప్రతి పుట అడుగునా ఎడమవైపు ‘సరిచూసితిని’ అని రాసి సంతకం పెట్టడం ఉద్యోగంలో అబ్బిన అలవాటు. ఆ మాట ఉన్నదంటే ఆ పుటలో తప్పు లేదని అర్థం. నలుగురూ అలాగే నమ్మారు. నేనూ నమ్మాను.

పోయిన నెల ఒక మధ్యాహ్నం ముప్ఫై ఏళ్ళ యువతి మా తలుపు తట్టింది. మెడలో విమానాశ్రయ ఉద్యోగుల గుర్తింపు కార్డు, చేతిలో అట్ట చిరిగిన ఒక నోటుపుస్తకం.

“సార్, పక్కింట్ల ఉండె గద మా పెద్దమ్మ, పోయింది సార్. పన్నెండు దినాలైంది. ఇల్లు ఖాళీ చేయనీకి వచ్చిన,” అంది. నేను ఏదో అనబోయేలోగా పుస్తకం తెరిచి ఒక చోట వేలు పెట్టింది. “ఇండ్ల గోడ సారు, గోడ సారు అని శానసార్లు రాసింది. గోడ సారంటె మీరేనా?”

నేనే అన్నాను.

ఆ పెద్దమ్మ పేరు ఇక్కడ రాయను. దాన్ని ఇప్పటికే ఒకసారి పదిమందిలో గట్టిగా చదివాను. ఆ ఒక్కసారి చాలు.

ఆమెను నేను మొదట చూసింది ఒక డీసీఎం వ్యాను వెనక. వ్యానులో నిలువెత్తు నల్లటి పియానో ఒకటి తాళ్ళతో కట్టి ఉంది. ఆరుగురు హమాలీలు దాన్ని దింపి మా పక్కింట్లోకి మోస్తుంటే, ఆమె దాని డొక్క మీద అరచేయి ఆన్చి, ఈనడానికి సిద్ధంగా ఉన్న బర్రె పక్కన నడిచినట్టు నెమ్మదిగా నడిచింది. “నిమ్మలం అన్నా, నిమ్మలం. దానికి లోపట తీగలున్నయి,” అని వాళ్ళకు చెప్పింది. యాభై దాటిన మనిషి. కొంగు నడుముకు దోపుకుని ఉంది. పియానో ముందు కూర్చునేటప్పుడు కూడా ఆ కొంగు అలాగే ఉండేది; నాట్లకు దిగేవాళ్ళలాగా.

పుట్టింది మామిడిపల్లిలో, వ్యవసాయం చేసే ఇంట్లో. విమానాశ్రయం దారిలోని ఒక ఫంక్షన్ హాలులో సామాన్ల గది బాధ్యత చూసేది. తివాచీలు, ప్లేట్లు, పందిరి గుడ్డలు, వాటి తాళాలు. ఆ హాలువారు వేదిక అందం కోసం ఎక్కడి నుంచో ఆ పియానో తెచ్చి పెట్టారట. వాయించినవాళ్ళు లేరు. హాలు చేతులు మారినప్పుడు కొత్తవాళ్ళు దాన్ని తీసి పారేస్తామంటే ఆమె అడిగి తెచ్చుకుంది.

“పెండ్లిళ్ళల్ల దానిమీద పూలగంపలు వెట్టెటోళ్ళు అమ్మా,” అని మా ఆవిడకు చెప్పింది. “లోపట గింత గొంతున్నదని ఒక్కనికి తెల్వది.”

“నీకెవరు నేర్పారు?” అని మా ఆవిడ అడిగింది.

“దుమ్ము నేర్పింది. తుడుస్తుంటె మోగింది. ఏందిది అని మల్ల తుడిచిన.”

ఇంకొకరి పాట ఆమె ఎన్నడూ వాయించలేదు. పండుగనాడు ఏదైనా భక్తిపాట వాయించమని మా ఆవిడ కోరితే, “అవి వాళ్ళు మంచిగనే చేసిన్రు గదమ్మా, మల్ల నేనెందుకు పాడు జేసుడు?” అంది. తన పాటలు తానే కట్టుకునేది. వాటికి మాటలుండవు, పేర్లుండవు. ఆ పియానోలో రెండు మెట్లు మోగవు. బాగుచేసేవాణ్ణి పిలిపించవచ్చు కదా అని నేనే ఒకసారి సలహా ఇచ్చాను. ఆమె తల అడ్డంగా ఊపింది. “ఇంట్ల ఇద్దరు అలిగిన్రనుకోన్రి సార్. వాళ్ళను అడగకుంటనే వంట చేసుకుంటం గద. గట్లనే నేను గూడ. ఆ ఇద్దర్ని అడిగే పాట ఒక్కటి గూడ కట్టలె.”

పాట కుదిరాక దాన్ని ఫోనులో పట్టుకునేది. ఆ ఏర్పాటంతా కిటికీలోంచి మాకు కనిపించేది. ఫ్రిజ్జు ప్లగ్గు పీకేది. ఫ్యాను ఆపేది. కిటికీకి సగం దాకా బొంత కట్టేది. బియ్యం డబ్బా మీద తువ్వాలు మడిచి, దాని మీద ఫోను పడుకోబెట్టేది. తరువాత గుమ్మంలోకి వచ్చి, కంటికి చేయి అడ్డం పెట్టుకుని, వాన కోసం చూసినట్టు ఆకాశం చూసేది. లోపలికి వెళ్ళి, “ఇగ మొదలు,” అని ఫోనుకు చెప్పి కూర్చునేది. మధ్యలో విమానం వస్తే రెండు చేతులూ మెట్ల మీంచి ఎత్తి, అలాగే గాలిలో ఉంచి, అది పోయేదాకా ఆగేది. పెద్ద చప్పుడు చేసే విమానాలు ఆమెకు పెద్దోళ్ళు, చిన్న చప్పుడువి చిన్నోళ్ళు. విసుక్కోవడం నేను చూడలేదు. “పోనీ తియ్. వానికి పోవాల్సిన ఊరున్నది,” అనేది.

ఈ మాట నాకు ఎంత కంటగింపుగా ఉండేదో చెప్పాలి. అప్పటికే నేను విమానాల చప్పుడు గురించి విమానాశ్రయ అధికారులకు ఇరవై ఏడు లేఖలు రాసి ఉన్నాను. ఒక్కొక్క లేఖకు రిజిస్టరులోని పుటల నకళ్ళు జతచేశాను. జవాబు రాలేదు. రాకపోవడాన్ని కూడా నమోదు చేశాను. నేను న్యాయం కోసం నిలబడ్డాననీ, చుట్టుపక్కలవాళ్ళు చెవులు మూసుకుని బతుకుతున్నారనీ నా నిశ్చయం. అటువంటి నా పక్కనే, నాకంటే ఎక్కువ నష్టపోతున్న మనిషి ఒకతె, వానికి పోవాల్సిన ఊరున్నది అని ఊరుకోవడం నాకు అవమానంగా తోచింది.

ఒకరోజు ఆమె గిన్నెలో సర్వపిండి పట్టుకుని వచ్చింది.

“సార్, మీరు విమానాల పుస్తకం రాస్తరట. జర ఇస్తరా? రెండు దినాలల్ల మల్ల తెచ్చిస్త.”

“దేనికమ్మా?”

“సందులు చూసుకోవాలె. ఒకడు వోయి ఇంకొకడు వచ్చే నడుమ ఎంత సందుంటదో తెలిస్తె, గంతల పట్టే పాట కట్టుకుంట. ఇప్పుడు పాట కట్టినంక సందు దొరుకుతలేదు.”

నా జీవితంలో నా రిజిస్టరును చదువుతానని అడిగిన మనిషి ఆమె ఒక్కతే. సంతోషించవలసినది. నేను కళ్ళద్దాలు సవరించుకుని, “అది అధికారిక పత్రమమ్మా, బయటికి ఇవ్వడానికి వీలులేదు,” అన్నాను.

వంటింట్లోంచి మా ఆవిడ, “ఏ అధికారమండీ? మీరు రిటైరయి తొమ్మిదేళ్ళయింది,” అంది.

పక్కింటామె నవ్వేసింది. “ఏం గాదు సార్. నేనే చెవి వెట్టి రాసుకుంట.” గిన్నె అక్కడ పెట్టి వెళ్ళింది.

అన్నట్టే రాసుకుంది. నెల తిరగకముందే గేటు దగ్గర నన్ను ఆపి, చేతులు తిప్పుతూ చెప్పింది: “దొరికింది సార్! నాలుగింటికి ఒక పెద్దోడు వోతడు గద, వాడు వోయినంక తొమ్మిది నిమిషాలు ఎవడు రాడు. రోజు గంతే. నేను ఆరు నిమిషాల పాట కడుతున్న. ముందర జర, ఎనుక జర ఊపిరి పీల్చుకోనీకి వదిలిపెట్టిన.” నేను ఇంటికి వచ్చి రిజిస్టరు తిరగేశాను. నిజమే. నాలుగు గడులు గీసి ఇన్నేళ్ళు రాసిన నాకు కనబడనిది, గడులు లేని ఆమెకు కనబడింది. మెచ్చుకోలేకపోయాను.

ఆ ఆరు నిమిషాల పాట అలా మొదలైంది. దాని నడిమి భాగం నాకు బాగా తెలుసు. ఇంటి నుంచి బయలుదేరిన మనిషి ఏదో మరిచిపోయి వెనక్కి వచ్చి, తీసుకుని, మళ్ళీ బయలుదేరి, గేటు దగ్గర మరొకటి గుర్తొచ్చి ఆగినట్టు ఉండేది. అక్కడ ఆమె వేళ్ళు తడబడేవి. మళ్ళీ మొదటికి వచ్చేది. మళ్ళీ. నాలుగు గంటలంటే నా మధ్యాహ్నపు నిద్రలో ఆఖరి అరగంట. నా మంచం ఉమ్మడి గోడకు ఆని ఉంది. చేతికర్రతో గోడ మీద మూడు దెబ్బలు కొట్టేవాణ్ణి. సంగీతం వెంటనే ఆగేది. కాసేపటికి, మునుపటికంటే మెత్తగా, మళ్ళీ మొదలయ్యేది. మళ్ళీ కొట్టేవాణ్ణి. మళ్ళీ ఆగేది.

ఇప్పుడు ఆలోచిస్తే, నా ఫిర్యాదుకు వెనువెంటనే జవాబు వచ్చిన చోటు నా జీవితం మొత్తంలో ఆ గోడ ఒక్కటే. అందుకే అంతసేపు కొట్టానేమో.

ఒక రోజంతా కుర్చీ వేసుకుని లెక్కపెట్టాను. ఆ నడిమి వరుసను ఆమె ఎన్నిసార్లు వాయిస్తే అన్ని గీతలు గీశాను. మా ఆవిడ వచ్చి చూసి, “విమానాలను ఏమీ అనలేక ఈవిడ మీద పడ్డారా?” అంది. గీతలు కూడి, పుట అడుగున సంతకం పెట్టి, సంఘం సమావేశపు విషయసూచికలో క్రమసంఖ్య ఒకటిగా చేర్చాను.

సమావేశం ఆదివారం పొద్దున సెల్లార్‌లో, కార్ల మధ్య. ప్లాస్టిక్ కుర్చీలలో పాతికమంది. ఆమె ఆఖరి వరుసలో కూర్చుంది. నేను లేచి ఆమె పేరు, ఇంటి నంబరు, తేదీలు, వేళలు వరుసగా చదివాను. చివర, “ఒకే వరుసను, ఒకే రోజు, నలభై ఒక్కసారి,” అని ఆగాను. ఆ ఆగడం కూడా ముందే అనుకున్నదే.

మూడో అంతస్తు ఆయన లేచాడు. “నలభై ఒకటా సార్? మా దగ్గర ఒక్కటి గూడ ఇనవడలె. మా ఇంటిదాని నోట్లకెళ్ళి వేరేది యాడ ఇనవడ్తది తియ్!”

“ఇంటికి రా, మంచిగ ఇనవడ్తది,” అని ఆయన భార్య ముందు వరుసలోంచి అంది. అందరూ నవ్వారు. నాకు ఒళ్ళు మండింది.

సంఘం అధ్యక్షుడు స్థానికుడు, మంచివాడు, ఆకలికి ఆగలేడు. “ఇగ నవ్వకున్రి. సారు రాసిండంటె రాసినట్టే. గాయన పెన్ను తప్పు వోదు. ఏమక్కా, నువ్వేమంటవ్?”

ఆమె లేచి నిలబడింది. ముఖంలో కోపం లేదు. ఏదో వెతుక్కుంటున్నట్టు ఉంది. “నలభై ఒకటా సార్? నేను ముప్పై ఎనిమిది అనుకున్న. నా లెక్కల మూడు యాడ వోయినయో.”

మళ్ళీ నవ్వులు. ఆమె నన్ను ఎగతాళి చేస్తున్నదని నాకు అనిపించింది. “రికార్డు చూపించమంటారా?” అన్నాను.

“వద్దు సార్. మీరు రాసిన్రు గద.”

అప్పుడు నేను ఒక పరిష్కారం ప్రతిపాదించాను. వాయిద్యాన్ని నిషేధించడం నా ఉద్దేశం కాదనీ, ఎవరి నిద్రకూ భంగం లేకుండా, అందరూ భోజనాల హడావుడిలో ఉండే వేళ, మధ్యాహ్నం పన్నెండు నుంచి ఒంటిగంట వరకు ఆమె వాయించుకోవచ్చుననీ చెప్పాను. పెద్దమనిషి తరహాగా ఉందని తలలూపారు. ఒకరిద్దరు చప్పట్లు కూడా కొట్టారు.

ఆమె కూర్చోలేదు. “పన్నెండు నుంచి ఒంటిగంటనా?” అని నా వంకే చూసింది. “గప్పుడు సందు దొరుకది గద సార్. పెద్దోళ్ళందరు గప్పుడే వస్తరు.”

“ఏ పెద్దోళ్ళక్కా? ఎవరు చుట్టాలొస్తరా?” అన్నాడు అధ్యక్షుడు.

“ఏం లేదన్నా,” అని ఆమె కూర్చుంది.

ఆ సెల్లార్‌లో ఆ మాట అర్థమైనవాణ్ణి నేనొక్కణ్ణే. రోజంతటిలో విమానాలు అన్నిటికంటే దట్టంగా పోయే గంట అదేనని నా పై వరుస రిజిస్టరు చెబుతుంది. ఆ గంటలో రెండు విమానాల నడుమ రెండున్నర నిమిషాలకు మించిన ఎడం దాదాపు ఉండదు. ఆమె పాట ఆరు నిమిషాలు. చాలాకాలం అది కాకతాళీయమని నాకు నేను చెప్పుకున్నాను. కాదు. సమావేశానికి ముందురోజు పుటలో ఆ గంట కింద ఎర్ర సిరాతో గీత ఉంది. గీత నా చేతిదే. ఆమెకు ఇవ్వనన్న రిజిస్టరును ఆమె మీద వాడడానికి మాత్రం తెరిచాను.

తీర్మానం ఏకగ్రీవం. ‘ఫిర్యాదు పరిష్కరింపబడినది’ అని రాశాను.

ఆ తరువాత కొన్ని నెలలపాటు మధ్యాహ్నం పన్నెండు కాగానే గోడ అవతల పాట మొదలయ్యేది, రెండు నిమిషాలు నడిచేది, విమానం వచ్చేది, ఆగేది. మళ్ళీ మొదలు. ఒంటిగంట కొట్టగానే, వరుస సగంలో ఉన్నా, మూత వేసిన చప్పుడు వినిపించేది. గంట దాటి ఒక్క మెట్టు కూడా ఆమె నొక్కలేదు. నాలుగు గంటలకు నేను హాయిగా నిద్రపోయాను.

రక్తపోటు మాత్రల కోసం సర్కారు దవాఖానకు వెళ్ళినప్పుడు, వరుసలో నా ముందు ఆమె ఉంది. ఒళ్ళో కుడిచేతిని ఎడమచేత్తో పట్టుకుని కూర్చుంది. పక్కవాళ్ళ పిల్లను ఎత్తుకున్నట్టు. నన్ను చూసి జరిగి చోటిచ్చింది.

“గీ చెయ్యి ఇగ నా మాట ఇంటలేదు సార్. పొద్దుగాల జర మంచిగుంటది, మల్ల వణుకుతది. ఎక్కువైతదనే చెప్పిండు డాక్టరు.” చెయ్యి తిప్పి చూసుకుంది. “పాట మాత్రం కుదిరింది. ఒక్కసారి సాఫ్‌గ పట్టుకుంటె సాలు, ఇగ చెయ్యి ఏమన్న గానీ. ఒక్క ఆదివారం, నాలుగింటికి, ఆరంటె ఆరే నిమిషాలు వాయించుకుంట. జర చూడున్రి సార్.”

అది సానుభూతి కోసం ఆడుతున్న మాట అనుకున్నాను. చెయ్యి నా కళ్ళముందే వణుకుతున్నది. అయినా అలాగే అనుకున్నాను.

“తీర్మానం తీర్మానమేనమ్మా. ఒకరికి సడలిస్తే అందరికీ సడలించాలి. వచ్చే సమావేశంలో పెట్టండి.”

“అట్లనా,” అంది. నా మాత్రల చీటీ కింద పడితే, ఎడమచేత్తో తీసి ఇచ్చింది.

ఇంటికి వచ్చి, ‘మౌఖిక విజ్ఞప్తి, తిరస్కరించడమైనది’ అని రాశాను. తరువాతి సమావేశానికి ఆమె లేదు. మామిడిపల్లిలో చెల్లెలి ఇంటికి వెళ్ళిపోయిందని తెలిసింది. పియానో మీద ఆ కిటికీ బొంత కప్పి, తాళం వేసి వెళ్ళింది.

ఇన్ని సంగతులూ నా మనసులో ఉండగానే ఆ అమ్మాయి మా గదిలో కూర్చుని, “పెద్దమ్మ ఫోన్‌ల పాటలున్నయి సార్, ఇంటరా?” అంది. మా ఆవిడ వచ్చి కూర్చుంది. ఒక్కటే పాట. అరవై మూడు ప్రయత్నాలు. ప్రతి ఒక్కటీ, “ఇగ మొదలు,” అన్న ఆమె గొంతుతో మొదలవుతుంది. మధ్యాహ్నం పట్టినవన్నీ నడిమి వరుస చేరకముందే విమానంతో ఆగిపోయాయి. “వచ్చిండు పెద్దోడు,” అని ఒకదానిలో నవ్వింది. సమావేశానికి ముందు, నాలుగు గంటలప్పుడు పట్టినవి నాలుగో అయిదో ఉన్నాయి. వాటిలో విమానం లేదు. పాట నడిచి నడిచి, నడిమి వరుసలో అడుగుపెట్టగానే మూడు దెబ్బలు వినిపిస్తాయి. తరువాత నిశ్శబ్దం. తరువాత ఆమె మెల్లగా ఫోనుతో, “సారు లేసిండు,” అంటుంది. ఆ గొంతులో నిందలేదు. ఉంటే నాకు కొంత తేలికగా ఉండేది.

ఆకాశం ఆమెకు తొమ్మిది నిమిషాలు ఇచ్చింది. నేను ఆరు ఇవ్వలేదు.

అరవై మూడోది మాత్రం చివరిదాకా ఉంది. కుడిచేయి వణుకు వినబడుతున్నది. ముందూ వెనకా పోయిన చిన్నవిమానాల కింద పాట వినబడుతూనే ఉంది కాని, సరిగ్గా నడిమి వరుస దగ్గర పెద్దవిమానం వచ్చింది. ఈసారి ఆమె చేతులు ఎత్తలేదు. ఆగితే ఇక ఆ చెయ్యి మళ్ళీ మొదలుపెట్టనివ్వదని తెలిసి ఉంటుంది. విమానం కిందే వాయించుకుంటూ పోయింది. చప్పుడు తగ్గేసరికి పాట అవతలి ఒడ్డున తేలింది. ఆ నడుమ ఏముందో వినబడదు. పూర్తయిన రికార్డు అదొక్కటే.

ఆ అమ్మాయి నోటుపుస్తకం తెరిచి చూపించింది. నేను లెక్కపెట్టిన రోజున ఆమె కూడా లెక్క రాసుకుంది. ముప్పై ఎనిమిది. దాన్ని కొట్టివేసి, పక్కన: ‘నలభై ఒకటి. గోడ సారు తప్పు రాయడు.’

నేను లేచి కింది వరుసలోంచి ఆనాటి రిజిస్టరు తీశాను. నాకు తెలుసు. అయినా తీశాను. గీతలు అయిదేసి చొప్పున ఏడు కట్టలు, విడిగా మూడు. ముప్పై ఎనిమిది. దాని కింద నా చేతిరాతలో, మొత్తం: నలభై ఒకటి. నలభై దాటితేనే సభలో గట్టిగా ఉంటుందని, చేతులారా మూడు కలిపాను. అడుగున, ఎడమవైపు, ‘సరిచూసితిని’. నా అబద్ధాన్ని నమ్మి ఆమె తన నిజాన్ని కొట్టివేసుకుంది.

రిజిస్టరు వాళ్ళిద్దరి ముందూ పెట్టి, ఉన్నది చెప్పాను. ఎర్రగీత పుట కూడా చూపించాను. మా ఆవిడ నా ముఖం చూడలేదు. ఆ అమ్మాయి గీతలను వేలితో ఒక్కొక్కటే లెక్కపెట్టింది.

“అంటె పెద్దమ్మ లెక్క సరిగనే ఉండె అన్నట్టు,” అంది. రిజిస్టరు మూసి, “సార్, ఆ విమానం కింద ఏమున్నదో మీకెరుకేనా? లెక్కవెట్టుకుంట దాన్ని ఇన్నది మీరొక్కరే గద,” అంది.

అవును. ప్రపంచంలో నేనొక్కణ్ణే.

నాలుగు గంటలకు పియానో దగ్గరికి వెళ్దామా, మీరు పాడితే ఆ వరుస పట్టుకుంటాను అని ఆ అమ్మాయి అడిగింది. నేను పై వరుస రిజిస్టరు తీసి చూశాను. విమానాల వేళలు మారాక ఆ సందు నాలుగూ ఇరవైకి జరిగింది. తొమ్మిది నిమిషాలు కాస్తా ఏడయింది. ఆ సంగతి చెప్పాను. రిజిస్టరు వెంట తీసుకునే ముగ్గురం పక్కింటికి వెళ్ళాం. బొంత తీశాం. ఫ్రిజ్జు ఎప్పుడో తీసేశారు, పీకడానికి ప్లగ్గు లేదు. అమ్మాయికి పెద్దమ్మ కొద్దిగా వాయించడం నేర్పిందట. అమ్మాయి ఫోను బియ్యం డబ్బా మీద పడుకోబెట్టింది. పెద్దవిమానం పోయింది. నేను వేలెత్తాను.

నలభై ఏళ్ళ కాపురంలో మా ఆవిడ నా కూనిరాగం వినలేదు. ఆనాడు విన్నది. కీచుగా, మనిషి ఇంటి నుంచి బయలుదేరడం, మరిచిపోయి వెనక్కి రావడం, మళ్ళీ బయలుదేరడం, పాడాను. అమ్మాయి ఒక్కొక్క స్వరాన్నే మెట్ల మీద వెతికి పట్టుకుంది. కాదంటే మార్చింది. అవునంటే ముందుకు పోయింది. గేటు దగ్గర మరొకటి గుర్తొచ్చి ఆగే చోట నేను పాడిన స్వరానికి ఆమె వేలు పెట్టింది. టక్కుమని చెక్క చప్పుడు తప్ప ఏమీ రాలేదు.

“ఇది మూగ మెట్టు సార్.”

మళ్ళీ పాడాను. మళ్ళీ అక్కడే పడింది. మూడోసారి కూడా.

ఆ ఇద్దర్ని అడిగే పాట ఒక్కటి కూడా కట్టలేదని ఆమె నాతోనే అంది. కాబట్టి ఆ స్వరం ఆమెది కాదు, నాది. ఆమెది ఏదో నాకు తెలియదు. ముప్పై ఎనిమిదిసార్లు గీతలు గీస్తూ కూర్చున్నానే గాని, వినలేదు.

అక్కడ ఒక స్వరమంత చోటు ఖాళీగా వదిలి మిగతాది పట్టుకున్నాం. ఏడో నిమిషంలో చిన్నవిమానం వచ్చింది. అమ్మాయి చేతులు రెండూ గాలిలోకి ఎత్తి ఆగింది.

ఇంటికి వచ్చి కింది వరుస రిజిస్టరు తెరిచాను. నలభై ఒకటి కొట్టివేసి ముప్పై ఎనిమిది అని రాశాను. ఎర్రగీత సంగతి, దవాఖాన సంగతి, మూడు దెబ్బల సంగతి, ఖాళీ వదిలిన స్వరం సంగతి, ఒకదాని కింద ఒకటి రాశాను. పుట నిండింది. అడుగున ఎడమవైపు ఎప్పటిలాగే చోటు ఉంది. కలం అక్కడిదాకా వెళ్ళింది. సంతకం మాత్రం పెట్టాను. దాని పైన రాసే ఆ ఒక్క మాట రాయలేదు.